చెంగీజ్ ఖాన్ తరఫు వకీలు

జహూర్ భాయ్‌కి ఉన్నది ఒక్కటే పిచ్చి. నోటు మీద బొమ్మగా ఎక్కిన సేనాపతి ఎంతమందిని చంపినా సరే, అతని తరఫున వాదిస్తాడు. మనిషి మాత్రం చీమ కనిపిస్తే చెప్పు పక్కకు జరుపుకునే రకం.

మైత్రీవనం వెనక సందులో ఆయనది పాస్‌పోర్టు ఫోటోల దుకాణం. విదేశాలకు పోయొచ్చిన పిల్లలు ఇచ్చిన నోట్లన్నీ కౌంటర్ అద్దం కింద పరిచి ఉంటాయి. వీసా ఫోటోకి వచ్చినవాడు స్టూలు మీద కూర్చోగానే జహూర్ భాయ్ మంగోలియా నోటు చూపిస్తాడు.

"గీ చెంగీజ్ ఖాన్ నోటు మీద ఉండాల్నా, వద్దా?"

"వద్దండీ. ఊళ్లకు ఊళ్లు తగలబెట్టాడు కదా."

"అయితేంది? మళ్ల కొత్తగ కట్టుకున్నరు. మేస్త్రీలకు మస్తు పని దొరికింది. జర గడ్డం దించు."

సగం అమీర్‌పేట ఆ మండిపోయిన మొహాలతోనే వీసాలకు దరఖాస్తు పెట్టుకుంది.

పక్కనే స్టేషనరీ కొట్టు నాది. ఈ గోల రోజూ వినక తప్పేది కాదు. ఆయనకు ఈ పిచ్చి పట్టింది మొన్న రంజాన్ తర్వాతే. అప్పుడే వాళ్లావిడ ఫఖ్రున్నీసా గారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ముప్పై ఏళ్లు తెలుగు మీడియంలో సోషల్ చెప్పిన టీచరు, ఊ అనడానికే కష్టపడుతోంది. మాట తిరిగొస్తుందో రాదో డాక్టర్లూ చెప్పలేకపోయారు. ఇంట్లో ఆవిడ అలా ఉంటే ఈయన ఇక్కడ చెంగీజ్ ఖాన్‌ని వెనకేసుకు రావడమేంటని నాకు ఒళ్లు మండేది. ఒకరోజు అడిగేశాను.

"ఇంటికెళ్లి ఆవిడతో నాలుగు మంచి మాటలు మాట్లాడొచ్చు కదా జహూర్ భాయ్?"

"మంచి మాటలు పనిచేస్తలేవు బుచ్చిబాబు భాయ్," అంటూ జేబులోంచి చీటీ తీశాడు. "ఒకటి చెప్పు. మేస్త్రీల మాటకు నీకు ఎక్కువ కోపమొచ్చిందా, గుర్రాల మీద టపా నడిపిచ్చిండన్న మాటకా?"

"మేస్త్రీల మాటకే."

అది రాసుకుని, "ఆదివారం ఇంటికి రా," అన్నాడు.

పంజాగుట్టలో వాళ్లింట్లో భోజనాలయ్యాక ఆయన ఆ నోటు బల్ల మీద పెట్టాడు.

"టీచరమ్మా, చెంగీజ్ ఖాన్ మంచోడంట. ఊళ్లు కాలిస్తే మేస్త్రీలకు పని దొరికిందంట. బుచ్చిబాబు అంటున్నడు."

నేనెప్పుడన్నానని నోరు తెరిచాను. బల్ల కింద నా కాలు తొక్కాడు.

ఫఖ్రున్నీసా గారి పెదాలు వణికాయి. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"త... తప్పు."

"ఎట్ల తప్పు? ఏ ఊర్లు కాల్చిండు, పేర్లు చెప్పు."

"బు... బుఖారా." ఆగి ఊపిరి తీసుకుంది. "సమర్... కంద్."

"రెండే కదా."

"మేస్త్రీలని... సుత... పట్టుకపోయిండు. ఇంక... ఎవరు కడ్తరు?"

జహూర్ భాయ్ గబగబా వంటింట్లోకి వెళ్లిపోయాడు. వెనకే వెళ్తే కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు.

"పాణం మంచిగుందా అంటే తల ఊపి ఊకుంటది భాయ్. ప్రేమగ ఏం చెప్పినా గంతే. ఒకనాడు ఉత్తగనే ఈ చెంగీజ్ ఖాన్ మంచోడేమో అన్న. తప్పు అని మాటొచ్చింది. గదే మొదటి మాట. గందుకే ఏ వాదనకు మందికి ఎక్కువ మండుతదో దుకాణంల చూసుకొని, గది ఇంటికి తెస్తున్న."

ఇన్నాళ్లూ ఈయన్నా నేను తిట్టుకున్నది అని నిజంగా సిగ్గేసింది.

మేం తిరిగి రాగానే ఆవిడ మొగుడి తడి మొహం చూసింది, తర్వాత నన్ను చూసింది.

"రేపు... ఎవర్ని... తెస్తవ్?"

అంటే ఆవిడకి మొదట్నుంచీ తెలుసన్నమాట. వాదనల మనిషి తడి మొహం తుడుచుకోవడంలో పడ్డాడు. ఇక నేనే అందుకున్నాను.

"రేపటిదాకా ఎందుకండీ? అమెరికా ఇరవై డాలర్ల నోటు మీద జాక్సన్ అని ఒక జనరల్ గారున్నారు. అక్కడి ఆదివాసుల్ని వాళ్ల మంచి కోసమే వేరే చోటికి పంపించారట. మహా దయగల మనిషి."

ఆవిడ మొహం ఎర్రబడింది. ఎదురు కుర్చీ చూపించింది.

"కూసో."

నాకు యాభై దాటాయి. చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను.