పారేసిన చిన్న ప్యాకెట్

పురుగును తట్టుకునే బీటీ పత్తి గింజల సంచి విప్పగానే మా మరిది అందులోని చిన్న ప్యాకెట్‌ను గట్టవతలికి విసిరేసేవాడు. అందులోవి బీటీ కాని మామూలు పత్తి గింజలు. చేను చుట్టూ వేస్తే, పురుగు కొంత వాటిమీద బతికి, బీటీకి తొందరగా అలవాటు పడదని వ్యవసాయాధికారి చెప్పాడు.

"ఫోన్‌ల చూసిన, వదినె! గిది మోసం. పురుగును మేపుమంటున్నరు!" అనేవాడు.

పారేస్తే నాకు ప్రాణం ఒప్పదు. ఏరుకొచ్చి నా చేను చుట్టూ వేశాను. ఆ ఏడు ఊరంతా పత్తి కాయలకు గులాబీ పురుగు పడింది.

"గీమె ఏసిన సాళ్లకెళ్లే పురుగొచ్చింది" అని పదిమందిలో నన్ను చూపాడు. అందరూ నమ్మారు. చెప్పీ చెప్పీ నా నోరే నొచ్చింది.

తర్వాత కంపెనీవాళ్లు రెండు రకాల గింజలూ ఒకే సంచిలో కలిపి ఇచ్చారు. మరిది కళ్లద్దాలు పెట్టుకుని, చాటలో పోసుకుని మామూలు గింజలు ఏరుతూ కూర్చున్నాడు. అన్నీ ఒక్క తీరే ఉన్నాయి.

"వదినె, పురుగు గింజ ఏదో జర చెప్పు."

"నీ ఫోన్‌నే అడుగు" అన్నాను.