మూడోసారి వేసిన పాచిక

నాకు కోపం తొందరగా వస్తుంది. వచ్చినంత తొందరగానే పోతుందని మా ఇంట్లో నన్ను వెనకేసుకొస్తారు. పోయేది నా కోపమే గాని, నేను అన్న మాట ఎదుటివాళ్ళ దగ్గరే ఉండిపోతుందన్న సంగతి ఆ ఆదివారం దాకా నాకు పట్టలేదు.

హైదరాబాదులో ఉద్యోగం చేసేటప్పుడు ఆఫీసు స్నేహితులు ఒక ఆట నేర్పారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషిని తీసుకుని, వాడేం చేస్తాడో చెబుతూ ఉంటారు. కష్టమైన పని ఎదురైతే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే గట్టెక్కినట్టు, చిన్నది పడితే మునిగినట్టు. ఇంటి నుంచే పని చేసుకోవచ్చని కొత్తపేట వచ్చేసినప్పుడు ఆ పాచికలూ నాతో వచ్చాయి. ఆడేవాళ్ళు లేక ఏడాదిపాటు డబ్బాలోనే ఉన్నాయి.

చివరికి ముగ్గురు దొరికారు. మా మేనమామ, పక్క వాటాలో అద్దెకుండే లెక్కల మాష్టారు, మా బావగారు. బావగారంటే మా అక్క భర్త. రామచంద్రపురంలో ఉంటారు. పధ్నాలుగేళ్ళు గల్ఫ్‌లో ఏసీలు బాగుచేసి, ఆ కంపెనీ మూతపడటంతో ఎనిమిది నెలల కిందట వచ్చేశారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి మాట తగ్గిపోయింది. ఏమడిగినా ఊఁ, ఆఁ. అలాంటి మనిషి ఆటలో కూర్చున్న మొదటి ఆదివారమే, "నేను సరంగునోయ్. పడవ నాది. నేను చెప్పినట్టు కూర్చోండి," అని గదమాయించారు. వంటింట్లో ఉన్న అక్క బయటికొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఆదివారం వచ్చిందంటే పొద్దున్నే లేచి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారురా," అని తర్వాత ఫోన్లో చెప్పింది. "మిగతా ఆరు రోజులూ ఆ పెట్టె జోలికే పోరు. నీ ఆట మాత్రం ఆపకు."

ఆ మాట విన్నాక సంతోషం కన్నా భయమే ఎక్కువేసింది. ఒక మనిషి వారానికి ఒక పూట నోరు తెరవడం నా కథ మీద ఉందంటే, ఆ కథ బాగోకపోతే ఎలా? అప్పట్నుంచీ వారమంతా ఆఫీసు పని మధ్యలో కాగితాలు నింపుతూనే ఉండేవాణ్ణి.

ఆ వారం రాసింది నాకు బాగా నచ్చింది. గోదావరి వరద మీదుంది. విత్తనాల పడవ సుడిలో చిక్కుతుంది. సరంగు పాచిక వెయ్యాలి. ఓడితే పడవ బద్దలై అందరూ నది మధ్యలో ఎవరూ చూడని ఒక లంకకి కొట్టుకుపోతారు. నేను దాచుకున్న అసలు కథంతా ఆ లంకలోనే ఉంది. నిజం చెప్పాలంటే బావగారు ఓడిపోతే బాగుండునని లోలోపల కోరుకున్నాను.

ఆయన పాచిక వేశారు. రెండు పడింది.

"పళ్ళెం తగిలిందండి అల్లుడుగారూ, చెల్లదు. మళ్ళీ వెయ్యండి," అన్నాడు మావయ్య.

పకోడీల పళ్ళెం జానెడు దూరంలో ఉంది. సర్లెమ్మని ఊరుకున్నాను. ఈసారి నాలుగు.

"ఆయ్, ఇక్కడ చాప మడత పడిందండి," అన్నారు మాష్టారు. పదో తరగతి పిల్లలకి సంభావ్యత చెప్పే మనిషి!

అంతలో అమ్మ కాఫీలు తెచ్చింది. "అల్లుడుగారు ఓడిపోవడమేంట్రా మనింట్లో? ఇది లెక్కలోకి రాదు. ఇంకోసారి వెయ్యండి బాబూ."

మా ఇంట్లో మొదటి పళ్ళెం అల్లుడికే పెడతారు. ఫ్యాను కింద కుర్చీ అల్లుడికే వేస్తారు. ఆ మర్యాద ఆటలోకి కూడా వచ్చి కూర్చుంటుందని నేను ఊహించలేదు. బావగారు మొహమాటంగా నవ్వి మూడోసారి వేశారు. పదిహేడు. మావయ్య చప్పట్లు కొట్టాడు. అమ్మ "హమ్మయ్య" అంది. నా వరద, నా సుడి, నా లంక అన్నీ ఒక్క క్షణంలో గంగపాలయ్యాయి.

చేతిలో కాగితాలు నేలకేసి కొట్టాను. "ఆటలో కూడా ఎవరో ఒకరు ఎత్తి నిలబెట్టాలా బావగారూ మిమ్మల్ని?"

ఆ "కూడా" నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. వచ్చింది. బావగారు పాచికను తీసి, తుడిచి, డబ్బాలో పెట్టి మూత బిగించారు. "వెళ్దామా?" అని అక్కని అడిగారు. అక్క నా వైపు చూడకుండా చెప్పులేసుకుంది. స్కూటరు వీధి మలుపు తిరక్కముందే నా కోపం చల్లారిపోయింది.

"నోరా అది?" అంది అమ్మ.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పలేను. ఫోన్ చేస్తే అక్కే ఎత్తి, ఆయన స్నానం చేస్తున్నారనో పడుకున్నారనో చెప్పేది. మెసేజ్ రాసి చెరిపేశాను, మళ్ళీ రాసి మళ్ళీ చెరిపేశాను. 'అది ఉత్త ఆటే కదా, మనసులో పెట్టుకోకండి' అని రాద్దామంటే, ఆయన ఇస్త్రీ చేసుకున్న ఆదివారాలన్నీ ఉత్తవే అన్నట్టవుతుంది. బుధవారం మాత్రం అసలు సంగతి చెప్పింది. "ఏవీ అనట్లేదురా. నన్ను కూడా ఏవీ అనట్లేదు. అదే భయం," అంది. శనివారం అమ్మ వాడపల్లి గుడికి వెళ్తూ నన్నూ లాక్కెళ్ళింది. ఎన్నో ప్రదక్షిణో లెక్క తప్పి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాను.

ఆదివారం తొమ్మిదింటికి అక్క ఫోన్. గొంతు తగ్గించి ఒక్క మాటే చెప్పింది. "ఇస్త్రీ పెట్టె తియ్యలేదురా."

మధ్యాహ్నం మావయ్య, మాష్టారు వచ్చి చాప మీద కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు. వీధిలో ప్రతి స్కూటరు చప్పుడుకీ నేను లేస్తున్నాను. మూడు దాటాక ఒకటి మా గుమ్మం ముందు ఆగింది.

బావగారు నలిగిన చొక్కాతోనే వచ్చారు. వెనక దిగిన అక్క నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. బావగారు కుర్చీ కేసి చూడకుండా చాప మీద కూర్చున్నారు. వారమంతా కూడగట్టుకున్న క్షమాపణ చెప్పకుండానే నేను డబ్బా ఆయన ముందుకి జరిపాను.

"ఎక్కడ ఆగేం?" అన్నారు, నన్ను కాదు, అందర్నీ.

"సుడి దాటేసేం కదండీ," అన్నాడు మావయ్య గబుక్కున.

"దాటలేదు."

డబ్బా మూత తీసి, పాచిక తీసి వేశారు. మూడు పడింది. మాష్టారు చాప అంచు చూస్తూ కూర్చున్నారు. అప్పుడు వినిపించిన గొంతు నాదే.

"పళ్ళెం తగిలింది బావగారూ. మళ్ళీ వెయ్యండి."

"తగల్లేదు," అన్నారాయన. "అందరూ చూసేరు."

సరంగు వివరాలు రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి డబ్బా కింద దోపారు. "మీరిద్దరూ ఒడ్డుకి చేరేరు. సరంగు పడవతోనే పోయేడు. సరేనా?" అని లేచి వీధి వరండాలోకి నడిచారు. అయిపోయిందనుకున్నాను. వంటింటి గుమ్మంలో అక్క చేతిలోని జల్లిగరిటె నుంచి నూనె కారుతోంది. వరండా గోడ పట్టుకుని రోడ్డు వైపు చూస్తున్న ఆయన వీపునే చూస్తూ నిలబడింది. ఆయన తిరిగొచ్చి మళ్ళీ నా ఎదురుగా కూర్చున్నారు.

"ఏవోయ్, కొత్త మనిషికి ఇంకో కాగితం ఉందా?"

ఉంది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"నువ్వే రాయి. వయసు నలభయ్యారు."

"పని?"

"మొన్నటిదాకా ఉండేది. కంపెనీ మూసేసేరు."

ఎనిమిది నెలల్లో ఆ మాట ఆయన నోటంట మా ఇంట్లో ఎవరూ వినలేదు. తర్వాతి ప్రశ్న ఆట పద్ధతి ప్రకారం నేను అడిగి తీరాలి. అడగాలంటే భయమేసింది. అడిగాను.

"వీడికి ఏం వచ్చు బావగారూ?"

పాచికను అరచేతిలో ఒకసారి తిప్పారు.

"ఓడిపోవడం వచ్చు," అన్నారు. "మిగతావి ఆటలో చూద్దాం. రాయి."

రాశాను. అమ్మ పకోడీల పళ్ళెం పట్టుకొచ్చి, అలవాటుగా ఆయన ముందు పెట్టబోయి, ఆగి, చాప మధ్యలో పెట్టింది.