దమ్ము తక్కువ అని రాసిన పేజీ

ముప్పై ఏళ్లు పీటీ సారుగా విజిలు ఊదినవాణ్ణి. ఆటగాడు మైదానం చుట్టూ పరిగెత్తుతుంటే చూసి, వాడి దమ్మెంతో చెప్పేస్తానని నంద్యాలంతా డప్పు కొట్టుకున్నవాణ్ణి కూడా. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని, కూరలో ఉప్పు దగ్గర్నుంచి పక్కింటివాళ్ల కొళాయి దాకా అన్నింటికీ వంకలు పెడుతుంటే మా ఆవిడకు ఓపిక అయిపోయింది. "యాడికన్నా పోయి ఎవరి మీదన్నా అరుచుకోపో" అంది. అలా నేను ఫుట్‌బాల్ జట్టు ఆఫీసులో తేలాను.

ఆఫీసంటే ఏసీ గది అనుకునేరు. జట్టు యజమానికి విత్తనాల కొట్టు ఉంది. దాని మీది గదే మా ఆఫీసు. మెట్లెక్కుతుంటేనే పురుగుమందు వాసన ముక్కు బద్దలు కొడుతుంది. అందులో ఉండేది ముగ్గురం: యజమాని, కోచ్, నేను. కోచ్‌కు బస్టాండు దగ్గర పరుపుల దుకాణం. పగలంతా పరుపులు కుట్టి సాయంత్రం జట్టును ఆడిస్తాడు. ఒకప్పుడు మంచి గోల్‌కీపర్. మాట తక్కువ మనిషి. ఇక నా పనేమిటంటే, ఊరూరా తిరిగి ఆటగాళ్లను చూసి, ఎవరు పనికొస్తారో ఎవరు రారో నోటుబుక్కులో రాయడం.

మా లీగులో ఆరు జట్లు. ఆటగాళ్లను వేలంలో కొనం, డ్రాఫ్టులో ఎంచుకుంటాం. ఫారం ఇచ్చిన ఆటగాళ్లందరి పేర్లూ ఒక బోర్డు మీద రాస్తారు. జట్లు వంతులవారీగా లేచి ఒక్కొక్క పేరు చెప్పాలి. చెప్పిన పేరు ఇక ఆ జట్టుదే. కిందటేడు అందరికంటే అడుగున ఉన్న జట్టుకు మొదటి వంతు. మేము అడుగు నుంచి రెండోవాళ్లం కాబట్టి మాకు రెండో వంతు. మామూలుగా సిగ్గుపడాల్సిన సంగతే కానీ, డ్రాఫ్టు రోజున మాత్రం అది బాగా పనికొస్తుంది.

నెల ముందు నుంచే ఆ గదిలో హడావుడి మొదలయ్యేది. విత్తనాల అట్టపెట్టెలు కత్తిరించి, ముక్కకో పేరు రాసి, బల్ల మీద వరసలుగా పరిచేవాళ్లం. మాకెవరు కావాలో ఒక వరస. పక్క జట్లకు ఎవరు కావాలో ఇంకో వరస. ఎవరి కంటా పడకుండా మూడో రౌండు దాకా ఎవరు మిగులుతారో అన్నది అన్నింటికంటే ముఖ్యమైన వరస. "మనకు కావాల్సినోని పేరు టీ అంగట్లో గూడా ఎత్తొద్దండి" అని యజమాని మా ఇద్దరి చేతా ఒట్టు వేయించాడు. నచ్చిన ఆటగాడు ఎదురుపడితే మొహం తిప్పుకోవాలి. అక్కర్లేనివాడి భుజం మాత్రం నలుగురూ చూసేలా తట్టాలి. నాలాంటి నోరాగని మనిషికి అంతకంటే నరకం ఉందా!

ఆ ఏడు యజమాని మనసంతా ఒక స్ట్రైకర్ మీదే. ఫోన్లో వాడు కొట్టిన గోల్స్ వీడియోలు చూపించి మా ప్రాణం తీశాడు. వాడు ఆళ్లగడ్డలో ఒక సాయంత్రం ఆడుతున్నాడని తెలిసి, కోచ్, నేను బస్సెక్కి పోయాం. దొంగల్లాగా గోడవార నిలబడి చూశాం.

స్ట్రైకర్ పాదాల్లో మంచి పనితనమే ఉంది. కానీ ఆ రోజు వాడికి బంతి అందితే కదా! ఎదుటి జట్టులో వెనక ఆడేవాడొకడు వాణ్ణి అడుగు కదలనివ్వలేదు. అటు పోతే అటు, ఇటు తిరిగితే ఇటు. మొదటి నిమిషంలో ఎలా పరిగెత్తాడో ఆఖరి నిమిషంలోనూ అలాగే పరిగెత్తాడు. గంటన్నర సేపు నేను స్ట్రైకర్‌ను చూడటమే మర్చిపోయాను. మనకు కావాల్సింది గోల్స్ వేసేవాడు కాదు, ఆపేవాడని నాకు అక్కడే తేలిపోయింది. కిందటేడు మేము ఓడిన ప్రతి మ్యాచూ మా వెనక వరస వల్లే ఓడాం.

ఆట అయిపోయాక ఒట్టూ గిట్టూ గాలికొదిలి నేరుగా వాడి దగ్గరికి పోయాను. ఇరవై ఐదేళ్లుంటాయి. పగలు ఇళ్లలో బండలు పరిచే పని. గోళ్ల సందుల్లో ఇంకా సిమెంటు ఉంది.

"డ్రాఫ్టుకు ఫారం ఇచ్చినావా, నాయనా?" అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "దమ్ము లేనోన్ని. నీకెందుకు సార్ నా ఫారం?"

"దమ్ము లేదని ఎవడన్న్యాడు? చూపించు, వాని సంగతి చెప్తా!"

"నువ్వే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. వాడే చెప్పాడు. కిందటేడు మేము నంద్యాలలో పెట్టిన సెలెక్షన్లకు వచ్చాడట. మధ్యాహ్నం మూడింటికి మైదానం చుట్టూ నాలుగు చుట్లు కొట్టమన్నానట. సంచిలోంచి నోటుబుక్కు తీసి తిప్పాను. ఉంది. నా చేతిరాతే, ఎర్ర సిరాతో. "దమ్ము తక్కువ. రెండో చుట్టుకే నిలబడిపోయాడు. వద్దు."

అంతటితో ఆగినా బాగుండేది. "సార్, మీ మాటంటే మాట" అని మిగతా జట్లవాళ్లు పొగిడితే ఉబ్బిపోయి, ఆ పేజీలన్నీ ఫోటోలు తీసి అందరి వాట్సాప్ గ్రూపులో పెట్టింది కూడా నేనే. ఇక వాణ్ణి ఎవరు తీసుకుంటారు? పనిచేసే చోట తోటివాళ్లు కూడా వాణ్ణి "ఏమప్పా, రెండు చుట్లోడా" అని పిలుస్తున్నారట.

పక్కన నిలబడ్డ కోచ్ పేజీ మీది తేదీ చూసి తల దించుకున్నాడు. "రంజాన్ నెలన్నా అది. ఆ దినం ఈ అబ్బి రోజా ఉన్న్యాడు."

తెల్లవారక ముందు నుంచి గుటక నీళ్లు కూడా మింగకుండా, పని చేసి, మూడింటి ఎండలో పరిగెత్తిన మనిషి! నాకు తల కొట్టేసినట్టయింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది, అది నా పాడు గుణం. కోచ్ మీద విరుచుకుపడ్డాను. "తెలిసీ నోట్లో ఏం పెట్టుకున్న్యావప్పా? ఆ పొద్దే చెప్తే ఏం పోయె?"

"నేను గూడా రోజానే ఉంటి. మా వాళ్లను వెనకేసుకొస్తాండానని అనుకుంటారేమోనని గమ్మునుంటి."

"మరి నువ్వైనా చెప్పొద్దా?" అని బండల అబ్బాయి వైపు తిరిగాను.

"నేను రోజా ఉండాను, మార్కులెయ్యండి సార్ అని అడుక్కోవల్నా?" అన్నాడు.

నలభై మందిని నిలబెట్టి పరిగెత్తించినవాణ్ణి, పొద్దున ఏం తిన్నారని ఒక్కరినీ అడగలేదు.

లీగులో ఇరవై ఐదు దాటితే ఆడనివ్వరు. వాడికి ఇదే ఆఖరి అవకాశం. ఫారం ఇవ్వమని బతిమాలాను. వాడు ఒకటే మాట అన్నాడు. "నువ్వు రాసింది అందరూ చూసిరి. అందరి ముందర వెనక్కి తీసుకో. అప్పుడు ఇస్తా ఫారం."

మరుసటి రోజు ఆఫీసులో ఈ సంగతి చెప్పగానే యజమాని కుర్చీలోంచి లేచాడు. "డ్రాఫ్టంటే ఏందనుకుంటివి సారూ? మైకు పట్టుకొని వాడు బంగారమని నువ్వే చెప్తే, మొదటి వంతోళ్లు గమ్మునుంటారా? మనం నెల దినాలు నోరు కట్టుకొని కూచుండేది దీనికేనా?"

నిజమే. మాది రెండో వంతు. నేను నోరు తెరిస్తే వాడు మాకు దక్కడు.

"పోనీ ముందు ఫారం ఇప్పిచ్చు. మనం పేరు చెప్పినాక నీ ఇష్టమొచ్చినట్ల క్షమాపణ చెప్పుకో" అన్నాడు.

దాచడం ఎందుకు, ఆ మాట నాకూ తీపిగానే తోచింది. మళ్లీ ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఒక కొత్త ఇంట్లో మోకాళ్ల మీద కూర్చుని బండ సరిచేస్తున్నాడు. నా మాట పూర్తిగా విన్నాడు. సుత్తితో బండ మూలన రెండు దెబ్బలు మెల్లగా వేసి చూసుకున్నాడు.

"నన్ను తీసుకున్న్యాక చెప్తే, నీ సరుకును నువ్వే పొగుడుకుంటాండావని అంటారు సార్. అది ఎవరూ నమ్మరు."

తిరుగు ప్రయాణమంతా కిటికీ పక్కన కూర్చుని వాణ్ణి తిట్టుకున్నాను, కోచ్‌ను తిట్టుకున్నాను, యజమానిని తిట్టుకున్నాను. నంద్యాల వచ్చేసరికి తిట్టడానికి నేనొక్కణ్ణే మిగిలాను. బస్సు దిగుతూనే ఫోన్ చేసి యజమానికి చెప్పేశాను, మైకు పట్టుకుంటానని.

"పట్టుకుంటే మల్ల నా మెట్లెక్కొద్దు" అన్నాడు.

"ఎక్కను" అన్నాను.

డ్రాఫ్టు ఆళ్లగడ్డలో ఒక కల్యాణ మండపంలో జరిగింది. వేదిక మీద పెళ్లి అలంకరణ ఇంకా తీయలేదు. పూల తోరణం కింద బోర్డు, బోర్డు పక్కన బడిగంట. గంట కొట్టిన రెండు నిమిషాల్లో పేరు చెప్పాలి. ఆరు జట్లవాళ్లూ ఆరు బల్లల దగ్గర చెవులు కొరుక్కుంటున్నారు. ఆటగాళ్లు వెనక కుర్చీల్లో ఉన్నారు. బండల అబ్బాయి తలుపు దగ్గర నిలబడ్డాడు, చేతిలో మడిచిన కాగితం ఉంది.

గంట కొట్టక ముందే వేదికెక్కి మైకు అడిగి తీసుకున్నాను. బడిలో వెయ్యి మంది పిల్లల ముందు గర్జించిన గొంతు, ఆ రోజు కీచుమంది.

"కిందటేడు నేను గ్రూపులో పెట్టిన పేజీల్లో ఒకటి తప్పు" అన్నాను. ఎవరి పేజీయో చెప్పాను. "ఆ అబ్బాయి ఆ రోజు ఉపవాసం ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం సెలెక్షన్లు పెట్టిన బుద్ధిహీనుణ్ణి నేను. దమ్ము తక్కువని రాసింది నేను, మీ అందరికీ పంచింది నేను. మొన్న అతను గంటన్నర ఆడటం కళ్లారా చూశాను. నేను చూసిన ఆటగాళ్లలో అంత దమ్మున్నవాణ్ణి ఇంకొకణ్ణి చూపించలేను. నన్ను క్షమించమని అతణ్ణి అడుగుతున్నా."

ఎవరో ఒకడు కిసుక్కున నవ్వాడు. బండల అబ్బాయి ఆ చివర నుంచి నడుచుకుంటూ వచ్చి, కాగితం మడత విప్పి నిర్వాహకుల చేతికిచ్చాడు. బోర్డు మీద ఆఖరి పేరుగా వాడి పేరు రాశారు.

గంట కొట్టారు. మొదటి వంతు జట్టువాళ్లు తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. దేవుడా, వాళ్లకు బుద్ధి పుట్టకుండా ఉంటే బాగుండునని మొక్కుకున్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు వాళ్లకు. లేచి వాడి పేరే చెప్పారు.

మా యజమాని నా వైపు చూడకుండా బయటికి పోయాడు. మా గంట మోగింది. కోచ్ నా మొహం చూసి, తనే లేచి స్ట్రైకర్ పేరు చెప్పాడు. యజమాని కోరుకున్నవాడే వచ్చాడు, తీరా చూస్తే చప్పట్లు కొట్టడానికి యజమానే లేడు.

అంతా అయ్యాక బండల అబ్బాయి నా దగ్గరికొచ్చి నోటుబుక్కు అడిగాడు. ఆ పేజీ తీసి, ఎర్ర సిరా గీతలను కొట్టేయబోయాను. చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టేయొద్దు సార్. అట్లే ఉండనీ. కింద రాయి."

"ఆ రోజు రోజా. తప్పు నాది" అని రాశాను. కోచ్ నా చేతిలోంచి పెన్ను లాక్కుని, పక్కనే "నాది కూడా" అని రాశాడు. వాడు ఫోటో తీసుకున్నాడు. అదే గ్రూపులో పెట్టించుకున్నాడు, నా ఫోన్ నుంచే.

వారం తిరక్కుండానే యజమాని కబురు పంపాడు. "మెట్లెక్కొద్దంటే నిజంగానే మానేస్తాడా ఆ ముసిలాయన? నోటుబుక్కు ఎవడు రాస్తాడు?" మొహం మాడ్చుకునే పోయాను కానీ, పోయాను. ఇప్పుడు సెలెక్షన్లు పొద్దున ఏడింటికి, అదీ రంజాన్ అయ్యాకే. ఒక్కొక్కరి పేరు పక్కన మొదటి గడిలో దమ్ము సంగతి రాయను. ఏం తిన్నాడు, ఎన్నింటికి బస్సెక్కాడు అని అడిగి రాస్తాను.

లీగులో వాళ్ల జట్టుతో మా మ్యాచ్ నంద్యాలలో, నేను పరిగెత్తించిన అదే మైదానంలో పడింది. అదే మూడింటి ఎండ. మా స్ట్రైకర్ కాళ్లు కొట్టుకున్నాడే కానీ, బండల అబ్బాయిని దాటి ఒక్కసారి కూడా పోలేకపోయాడు. ఒక గోలు తేడాతో ఓడిపోతున్నాం. ఆఖరి నిమిషాల్లో మావాళ్లు నడుములు పట్టుకుని వంగిపోయారు. వాడు మాత్రం బంతి కోసం గీత వెంబడి నా ముందు నుంచే పరిగెత్తుతూ, చెమటతో తడిసిన మొహం ఇటు తిప్పాడు.

"ఇంగా ఎన్ని చుట్లు సార్?" అన్నాడు.

పక్కన యజమాని పళ్లు నూరుతున్నాడని తెలుసు. అయినా నా నోరు ఆగలేదు.

"ఇంకొక్కటి కొట్టు, నాయనా!" అని అరిచాను. కళ్లు తుడుచుకుని విజిలు కోసం జేబులో వెతుక్కున్నాను.