మా అమ్మకు వచ్చిన కడుపునొప్పి

నా చిన్నప్పుడు మా ఇంట్లో కండెలు చుట్టే పని మా జేజిది. జేజి అంటే మా నాయనను కన్న తల్లి. డోన్ దగ్గర ఒక నేతపల్లె మాది. నాయన మగ్గం గుంటలో దిగితే, జేజి వాకిట్లో రాట్నం ముందు కూర్చుని ఆయనకు కావలసిన నూలంతా కండెలకు ఎక్కించేది. బడి లేని పూట నేను ఆమె పక్కనే. తాతయ్య పోయి అప్పటికే శానా ఏండ్లు. ఆమెకు పనీ నేనూ తప్ప వేరే కాలక్షేపం ఉండేది కాదు.

ఆ ఎండాకాలం జేజి కూర్చోలేకపోతున్నదని మొదట గమనించింది నేనే. ఒక కండె నిండకముందే లేచేది. మళ్ళీ కూర్చుంటే ఒక పక్కకే బరువు వేసి, మొహం చిట్లించుకుని కూర్చునేది. మా ఊర్లో వేసవిలో నీళ్ళంటే మైలు దూరం నుంచి నెత్తిన మోసుకొచ్చేవి. చెంబెడు నీళ్ళు ఒలికితే తిట్టే మనిషి, పూటపూటకూ చెంబు పట్టుకుని దడి చాటుకు పోతాండేది. ఒకసారి కుంకుడు పులుసు, ఒకసారి ఉప్పు కలిపిన వేన్నీళ్ళు, ఇంకోసారి నూరిన వేపాకు. వచ్చేటప్పుడు పంటి బిగువున నొప్పి ఓర్చుకుంటా వచ్చేది. ఏమైందని అడిగితే "ఎండ తగిలింది లే అమ్మీ" అనేది.

అమ్మతో చెప్పినాను. అమ్మ ఆశ్చర్యపోలేదు. జేజి చీర ఉతికేటప్పుడు లోపలి మడతల్లో నెత్తుటి చారలు ఆమె అప్పటికే చూసిందట. ఆ మధ్యాహ్నం అత్తను మెల్లగా అడిగింది. వంటింటి గడప దగ్గర కూర్చున్న నాకు జేజి మాట ఇప్పటికీ వినిపిస్తుంది. "మొగుడు పోయిన ముసలిదానికి ఆ తావున దురదంట అని ఊరంతా చాటుతావా? వినేవాళ్ళు నన్నేమనుకుంటారు? నేను సరిగ్గా కడుక్కోలేదేమో, అదే పోతాది."

అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాలుగు రోజులు పోనిచ్చి తానే పొట్ట పట్టుకుని కూర్చుంది. లోపల పొడుస్తాండాదని, కర్నూలుకు పోయి డాక్టరమ్మకు చూపించుకోవాలని అన్నది. నాయన మగ్గం మీద పెండ్లివాళ్ళ చీర సగంలో ఉంది, ఆయన కదిలే వీలు లేదు. "నేనొక్కదాన్నే యాడికి పోతాను అత్తా, నువ్వు తోడు రావాల" అని అడిగితే, జేజి ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. ఆముదం వెచ్చ చేసి కోడలి పొట్టకు తన చేత్తోనే రాసింది. వదిలిపోతే ఏడుస్తానని నన్నూ వెంట తీసుకుపోయినారు.

రైల్లో చోటు ఉన్నా జేజి కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది. తన బాధ మరిచి, "నొప్పి ఎట్లుండాదే? మజ్జిగ తాగుతావా?" అని అమ్మనే అడుగుతాండేది. అమ్మ తల వంచుకుని కొంగుతో కండ్లు తుడుచుకునేది. జేజి అది నొప్పికే అనుకుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న కాలం అది. దారిపొడుగునా గుడారాల్లో ఆఫీసులు చూసి నేను నోరు తెరుచుకుని నడిచినాను. ఆసుపత్రిలో నన్ను తెర ఇవతల బల్ల మీద కూర్చోబెట్టి వాళ్ళిద్దరూ లోపలికి పోయినారు. తెర గుడ్డది, మాటలన్నీ వినబడినాయి.

"నాకేమీ లేదు తల్లీ. మా అత్తను చూడండి" అన్నది అమ్మ.

కుర్చీ జరిగిన చప్పుడు. జేజి లేచి నిలబడినట్టుంది. "ఇంత మోసమా! పదవే ఇంటికి" అన్నది. అప్పుడు డాక్టరమ్మ నిదానంగా, "పెద్దమ్మా, నువ్వు బిడ్డల్ని కన్న తావు అది. దానికి జబ్బు చేస్తే సిగ్గెందుకు?" అన్నది. తర్వాత జేజి ఏడుపు విన్నాను. నాకు తెలిసి ఆమె ఏడవడం అదే మొదలు.

చూడడం అయినాక డాక్టరమ్మ చెప్పినదంతా అమ్మ పొల్లుపోకుండా గుర్తు పెట్టుకుంది. అక్కడి చర్మం తెల్లబడి, పలచనై, పగుళ్ళిచ్చింది. అది మురికి వల్ల వచ్చింది కాదు. కడిగేకొద్దీ ఇంకా చెడింది. "కంటిరెప్పను కుంకుడు పులుసుతో తోముతావా పెద్దమ్మా? ఇదీ అంత సున్నితమే" అన్నది. ఉత్త చల్లనీళ్ళతో కడిగి, రుద్దకుండా మెత్తని నూలుగుడ్డతో అద్దాలి. సబ్బు, పసుపు, వేపాకు ఏదీ తగలకూడదు. పూతమందు చెప్పినట్టే రాయాలి. ఒక పుండు మాత్రం ఎన్నాళ్ళుగానో మానలేదు, అది క్యాన్సరేమోనని డాక్టరమ్మకు అనుమానం కలిగింది. చిన్న ముక్క తీసి పరీక్షకు మద్రాసు పంపింది.

తిరుగు రైల్లో జేజి అమ్మతో మాట్లాడలేదు. ఇంటికొచ్చినాక కూడా నా చేతే కబురు పంపేది: "మీ అమ్మను ఆ మందు తెమ్మను." అమ్మ ఏమీ అనుకోకుండా, పాత చీరల్ని గంజి పోయేదాకా జాడించి మెత్తగా చేసి అత్తకు ఇచ్చేది. మద్రాసు నుంచి మాట వచ్చేదాకా అమ్మ ముద్ద సరిగ్గా మింగలేదు. చెడ్డ పుండు కాదని తేలింది. కానీ వదిలేస్తే అట్లా మారినా మారొచ్చని, అప్పుడప్పుడు వచ్చి చూపించుకోవాలని, మానని పుండు గానీ గడ్డ గానీ నెత్తురు గానీ కనబడితే ఒక్కరోజు కూడా ఆగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఒకనాటి పొద్దున జేజి రాట్నం ముందు కూర్చుని గంపెడు కండెలు లేవకుండా చుట్టింది. చుట్టి, తల ఎత్తకుండానే అడిగింది. "ఏమ్మే, నీ కడుపునొప్పి ఎట్లుండాది?"

"నీకు తగ్గిన రోజే నాకూ తగ్గింది అత్తా" అన్నది అమ్మ.

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయినారు. మగ్గం ఆపి నాయన "ఏమైంది?" అని అడిగితే ఎవరూ చెప్పలేదు. ఆ జబ్బు పూర్తిగా పోలేదు, మందు మానేస్తే తిరగబెట్టేది. కానీ ఆ తర్వాత కర్నూలు పోవాలంటే జేజే ముందు బయలుదేరేది. మా వీధిలో ఎవరైనా పెద్దామె కూర్చోలేక అవస్థ పడుతుంటే పక్కకు పిలిచి తన సంగతి దాచకుండా చెప్పేది. అట్లా ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని కూడా పోయింది.

ఇప్పుడు నాకు ఆ రోజుల జేజి కంటే ఎక్కువ వయసు. కిందటేడు నాకూ అట్లాంటి దురదే మొదలైంది. అది తగ్గే దురద కాదని తెలిసిన మరునాడే, కాఫీ తాగుతూ నా కోడలికి ఉన్నదున్నట్టు చెప్పినాను. ఆ పిల్ల కాస్త తడబడింది, నేను తడబడలేదు. ఆ వారమే డాక్టరు దగ్గరికి పోయినాము. నా కోసం ఎవరి చేతా అబద్ధం ఆడించలేదు.