నాయన రేడియోలో గరగర

ఆ రేడియో నాతో ఆటలాడుతోందనే అనుకున్నాను. హిందూపురంలో నా రిపేరు బల్ల మీద మూడు రోజులు బుద్ధిగా పలికింది. ధర్మవరం తీసుకొచ్చి నాయన మగ్గం పక్కన పెట్టగానే మళ్ళీ గరగర. అదీ ఎప్పుడూ కాదు. గంటసేపు బాగుంటుంది, ఉన్నట్టుండి గుర్రుమని మాటలన్నీ మింగేస్తుంది, మళ్ళీ తనంతట తానే సర్దుకుంటుంది. పూర్తిగా చచ్చిన రేడియోను గంటలో లేపగలను. ఇట్లా వచ్చిపోయే జబ్బంటేనే నాకు ఒళ్ళు మంట.

నాయనకు షార్ట్‌వేవ్ పిచ్చి. పట్టుచీర నేసినంతసేపూ ఏ దేశానిదో ఒక గొంతు పక్కన ఉండాలి. భాష తెలియకపోతేనే మేలట, మనసు పోగుల మీద నుంచి పోదట.

ఆ వారమంతా ముసురు. నేను మగ్గం పక్కనే చాప వేసుకుని రేడియో మూత విప్పాను. బ్యాండు స్విచ్చి తుడిచాను, బ్యాటరీలు మార్చాను, టంకం వేసిన చోటల్లా స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూశాను. అమ్మ కాఫీ ఇచ్చి, నాయనకు వినపడకుండా అంది.

"రేడియో సంగతి ఆనక సూద్దువుగానీ, మీ నాయన కాళ్ళు జుమ్ముజుమ్మంటాండాయంట మగ్గం గుంతలో దిగితే. నిన్న చెయ్యి కూడా లాగేసినట్లయిందంట. షుగరే అంటాడు, డాక్టరు దగ్గరికి పోడు. నాకు బయంగా ఉండాది."

"వచ్చే వారం నేనే పిల్చుకపోతాలేమ్మా" అన్నాను. కళ్ళు మాత్రం డయలు మీదే ఉన్నాయి.

మధ్యాహ్నానికి దొరికింది. మగ్గం పైన, డిజైను అట్టలు తిరిగే ఇనుప చట్రం ఉంటుంది. ఎత్తుగా ఉంది, పైగా ఇనుము, స్టేషన్లు బాగా పడతాయని నాయన ఏరియల్ వైరు కొసను దానికే చుట్టాడు. ఆ చట్రాన్ని ఎత్తే మోటారు నడుస్తున్నప్పుడే గరగర. వైరు విప్పి కిటికీ కమ్మీకి కట్టాను. గొంతు కడిగినట్టు వచ్చింది.

"ఏమిరా, ఇంత సిన్న పనికి నా రేడియోను మూడు దినాలు ఆడ పెట్టుకున్యావా?" అని నాయన ఎగతాళి చేశాడు. నవ్వుకుంటూ రైలెక్కాను.

పెనుకొండ దాకా గెలిచినవాడి పొగరే. రైలు అక్కడ ఆగింది. వాన జల్లు కొడుతుంటే కిటికీ దించబోతూ ఆగిపోయాను. మోటారు గరగర ఆ చట్రంలోకి ఎట్లా వచ్చింది?

చట్రంలోకి కరెంటు దిగుతోంది. నాయనది షుగరు కాదు.

మోకాళ్ళ నొప్పులతో మగ్గం తొక్కలేకపోతున్నాడని ఆ మోటారు బిగించింది నేనే. ఎర్తు వైరు తర్వాత లాగుదాంలే అని వదిలేసిందీ నేనే. ముసురుకు మగ్గం గుంత చెమ్మెక్కి ఉంటుంది. అట్ట ఇరుక్కుంటే నాయన గుంతలో కాళ్ళు పెట్టుకునే, చెయ్యెత్తి ఆ ఇనుము పట్టుకుంటాడు. ఇన్నాళ్ళూ గరగర మొదలైతే విసుక్కుని నేత ఆపి రేడియో వైపు తిరిగేవాడు. ఇక ఆపడు. రేడియో బాగుచేశాను కదా.

ప్లాట్‌ఫారం మీదికి దూకాను. నాయన ఫోను మోగి మోగి ఆగిపోయింది. అమ్మకు చేశాను.

"అమ్మా, మెయిన్ తీసెయ్! నాయనను ముట్టుకోవద్దు, ముందు మెయిన్ తియ్యి!"

"ఏమైందిరా?"

"తియ్యమ్మా!"

ఆమె పరిగెత్తుతున్న చప్పుడు. మోటారు రొద. ఎవడో పరాయి దేశంవాడు స్పష్టంగా వార్తలు చదువుతున్నాడు. రైలు నా సంచితో సహా కదిలిపోయింది. మోటారు ఆగింది. వార్తలు ఆగలేదు.

"ఏమయ్యా" అని అమ్మ పిలిచింది. "ఏమయ్యా!"

పేరు పెట్టి ఏ దేవుణ్ణీ తలచుకోలేకపోయాను.

"ఎవురే కరెంటు తీసింది? అట్ట ఇరుక్కున్యాది, ఇప్పుడే పైకి చెయ్యి పెట్టబోతాంటి! బుద్ధుండాదా మీకు?"

తడిసిన ప్లాట్‌ఫారం మీదే కూలబడి ఏడ్చాను. నాయన అమ్మను తిట్టాడు, నన్ను తిట్టాడు, కరెంటోళ్ళను తిట్టాడు. ఫోను చెవికి అదిమిపెట్టుకుని అన్నీ విన్నాను.