చెవి మేస్త్రి చెవులు

మా అక్క మొగుణ్ణి బట్టల మిల్లులో అందరూ చెవి మేస్త్రి అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను మగ్గానికి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని, లోపల ఏ బేరింగు అరిగిందో ఇట్టే చెప్పేస్తాడు. ముప్ఫై ఏళ్లు ఆ చెవితోనే బతికాడు. ఆ పేరంటే ఆయనకెంత మురిపెమో నాకిప్పుడు అంత ఒళ్లుమంట.

నేను చేరింది ఆయన కిందే. మోత లోపలికి రాకుండా చెవులకు పెట్టుకునే మఫ్‌లు కావాలని అడిగితే, చెవులు మూసుకునేవాడు మెకానిక్ ఎలా అవుతాడని పదిమందిలో వెటకారం చేశాడు. మఫ్‌లు లేక కాదు. సూపర్‌వైజర్ గదిలో, అద్దాల బీరువాలో, ప్లాస్టిక్ కాగితం విప్పని జతలు ఇరవై ఉన్నాయి. తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించి మళ్లీ తాళం వేస్తారు. ఐదేళ్లు నేను దూదితోనే సరిపెట్టుకున్నాను. దూది ఆ మోతను ఆపదని అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

పోయిన నెల బావ బాగుందన్న బేరింగు మధ్యాహ్నానికల్లా పట్టేసింది. బెల్టు తెగి, మగ్గం నడిపే ఆమె చెంపను రాసుకుంటూ పోయింది. వెంట్రుకవాసిలో కన్ను దక్కింది. అప్పుడు గానీ బావ నోరు విప్పలేదు. ఏడాదిగా చెవుల్లో ఈల ఆగడం లేదట, దాని మధ్య బేరింగు చప్పుడు తెలియడం లేదట. పేరు పోతుందని దాచాడు.

చెవుల డాక్టరమ్మ పరీక్ష చేసి ఉన్నమాట చెప్పింది. మోత వల్ల పోయిన వినికిడి తిరిగి రాదు, ఈలను పూర్తిగా పోగొట్టే మందూ లేదు. గది నిశ్శబ్దంగా ఉంటే అదే వినిపిస్తుంది కాబట్టి పక్కన రేడియో మెల్లగా పెట్టుకోమంది. వినికిడి యంత్రంతో కొంత ఊరట ఉండొచ్చంది. మఫ్‌లు లేకుండా మగ్గాల హాల్లో అడుగు పెట్టొద్దని మాత్రం రెండుసార్లు చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మర్నాడు బావ సూపర్‌వైజర్ గదికి వెళ్లి, బీరువా తెరవకపోతే మగ్గం ముట్టనన్నాడు. కాగితాలు చింపేస్తే తనిఖీకి ఏం చూపించాలని ఆ మహానుభావుడు గొణిగాడు. చివరికి తాళం తీశాడు. బావ మొదటి జత విప్పి నాకు అందించబోయాడు.

"పెట్టుకోరా. నీ చెవులైనా దక్కనీ."

నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నాకూ ఈల మొదలై ఆరు నెలలైంది బావా. నువ్వు నవ్వుతావని చెప్పలేదు."

మఫ్‌లు ఆయన చేతిలోంచి లాక్కుని పెట్టుకున్నాను. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏమంటున్నాడో వినాలని నాకనిపించలేదు.