పసుపు ఊలు చిలప

మా చిన్నప్పుడు... బడి వదిలాక నా రెండు చేతులూ ఎదురింటి బీబమ్మత్తవే!

వాళ్ల అరుగు మీద నన్ను కూర్చోబెట్టి "చేతులు చాపు పాపా" అనేది. చాపిన చేతులకు పసుపు రంగు ఊలు చిలప... పెద్ద గాజులా చుట్టిన దారాల కట్ట... తగిలించేది. తను నా ఎదురుగా కూర్చుని, కొస పట్టుకుని లాగుతూ దారాన్ని ఉండలా చుట్టేది. నేను ఒకసారి కుడి చెయ్యి, ఒకసారి ఎడమ చెయ్యి వంచుతూ దారం వదలాలి. చెయ్యి కాస్త వాలిందా... అయిపోయాను.

"ఏంది పాపా, అప్పుడే దింపినావు? పొద్దున అన్నం తినలేదా?"

"ఇంకెంతసేపు అత్తా?"

"మీ అమ్మ వచ్చేదాంక!"

అమ్మ పలకల కంపెనీలో పనికి పోయేది. పలకలకు చెక్క చట్రాలు బిగించే పని. నాయన లారీ మీద ఏ ఊళ్లో ఉండేవాడో మాకే తెలిసేది కాదు. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. బడి నుంచి వచ్చేసరికి మా తలుపుకు తాళం... ఆ తాళాన్ని చూస్తే నాకు ఎక్కడలేని ఏడుపూ వచ్చేది. పొద్దుగూకితే గానీ అమ్మ రాదు.

మార్కాపురం ఎండల సంగతి మీకు తెలుసుగా... "ఈ ఎండలకు ఊలు బట్టలు ఎవరు ఏసుకుంటారు బీబమ్మా?" అని వీధంతా ఆమెను ఆటపట్టించేది. ఆమె చెవిన పెడితేగా! మా వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా సరే, చెవులు మూసుకునేలా ఒక టోపీ అల్లి పట్టుకుపోయేది. నాకూ ఎర్రది అల్లిందట. "పుట్టినప్పుడే గుమ్మడికాయంత తల నీది... రెండుసార్లు విప్పి అల్లినా" అని పెద్దయ్యాక కూడా దెప్పేది.

దారం చుడుతున్నంతసేపూ కబుర్లే. తర్లుపాడులో వాళ్ల పుట్టిల్లు... అల్లుతున్న మేజోడు సగం నమిలేసిన మేక... ఆ మేకను తిట్టలేక కోడళ్లను తిట్టిన వాళ్ల నానమ్మ... వాళ్లలో ఒక్కరినీ నేను కళ్లారా చూడలేదు. అయినా అందరూ నాకు చుట్టాలే అనిపించేది. కబుర్లలో పడి తాళం సంగతే మరిచిపోయేదాన్ని.

దీపావళికి మా ఇంట్లో అరిసెలు. అది ఒంటిచేత్తో అయ్యే పనా? పాకం దించగానే ఒకరు తెడ్డుతో కలుపుతుంటే ఇంకొకరు పిండి పోయాలి. క్షణం ఆలస్యమైతే పాకం ముదిరిపోతుంది. అమ్మ వంటింట్లోంచే కేకేసేది... "వదినా, పాకం వచ్చింది, బిర్నా రా!" అత్త కొంగు దోపుకుంటూ వచ్చి పిండి పోసేది. నాకు నువ్వులు చల్లే పని. రంజాన్‌కు వాళ్లింటి నుంచి వచ్చిన సేమియా గిన్నెను అమ్మ దీపావళికి అరిసెలతో నింపి పంపేది. ఉత్త గిన్నె ఎప్పుడూ తిరిగి ఇవ్వలేదు.

నా పదో తరగతి అయ్యాక అత్త వాళ్లు కొడుకు దగ్గరికి గిద్దలూరు వెళ్లిపోయారు. సామాను ఎక్కించిన రోజు ఆ పసుపు ఊలు ఉండను నా చేతిలో పెట్టి "ఉంచుకో పాపా" అంది. నేను ఏడుస్తూ నిలబడ్డాను, అంతే.

చాలా ఏళ్లకు అత్త పోయిందని కబురు వచ్చింది. ఆ రోజు బీరువాలోంచి ఉండ తీసి అమ్మను అడిగాను... "అన్నాళ్లు నా చేతులకు తగిలించి చుట్టింది కదమ్మా, దీంతో ఏమీ అల్లలేదేంది?"

అమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"అల్లేదానికి కాదే పిచ్చిదానా అది. నువ్వు ఇంటికొచ్చినాక ఆ ఉండంతా విప్పి, తన మోకాళ్లకు చుట్టి, మళ్ళా చిలప చేసి పెట్టేది. ఊరికే కూచోబెడితే తాళం దిక్కు చూసి ఏడుస్తావంట నువ్వు. నాకు చెప్పి, నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకునింది."

రోజూ అదే ఊలు అని నాకెప్పుడూ తట్టలేదు. అన్నేళ్లు చుట్టినా తరగని ఊలు ఎక్కడైనా ఉంటుందా... నా తల పెద్దదే గానీ, లోపల ఏమీ లేదన్నమాట!

నాయన ముందే పోయాడు, ఇప్పుడు అమ్మ కూడా లేదు. ఇంట్లో నేనొక్కదాన్నే. ఎదురిల్లు కొన్నవాళ్లు అరుగు కొట్టేసి గేటు పెట్టించారు. సాయంత్రం ఇంటికి వచ్చి నా తాళం నేనే తీసుకుంటాను. తీసిన తర్వాత కూడా కాసేపు గడపలోనే నిలబడిపోతాను... ఎందుకో లోపలికి పోబుద్ధి కాదు.

మొన్న దీపావళికి పంతం పట్టి అరిసెలు మొదలుపెట్టాను. ఒక చేత్తో పిండి పోస్తూ ఒక చేత్తో కలుపుతుంటే గిన్నె గిర్రున తిరిగిపోయింది. పట్టుకునేలోపు పాకం ముదిరింది. అరిసెలు పలకల్లా వచ్చాయి... బలపంతో రాసుకోవచ్చు! నవ్వొచ్చింది. ఆ నవ్వు వినేవాళ్లు ఎవరూ లేరని గుర్తొచ్చి ఏడుపూ వచ్చింది.

పొయ్యి కట్టేసి పసుపు ఉండ బయటికి తీశాను. నాయన పడక్కుర్చీ చేతులకు ఊలంతా చుట్టి చిలప చేశాను. ఎదురుగా కూర్చుని, కొస పట్టుకుని, మెల్లగా ఉండ చుట్టడం మొదలుపెట్టాను.

కుర్చీ చేతులు ఎంతసేపైనా వాలవు... "ఇంకెంతసేపు అత్తా?" అని అడగవు.

మీ ఇంటికి తాళం వేసి ఉన్న సాయంత్రాల్లో మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకున్నవాళ్లు ఎవరు? వాళ్ల పేరు ఒక్కసారి ఇక్కడ రాయండి... నేను చదువుతూ కూర్చుంటాను.